ఆత్మహత్య జరిగిన ఇంటికి పరామర్శకు వెళ్లే ముందు

మామూలు చావు ఇంటికి వెళ్లేటప్పుడు మన దగ్గర మాటలు సిద్ధంగా ఉంటాయి. నిండు జీవితం గడిపారంటాం, జబ్బు బాధ తప్పిందంటాం, రుణానుబంధం తీరిందంటాం. ఆత్మహత్య జరిగిన ఇంట్లో ఇవేవీ నోట పలకవు. ఏదో ఒకటి అనాలి కాబట్టి తీర్పు చెబుతాం. "తన దారి తాను చూసుకున్నాడు." "పిల్లల ముఖం చూసైనా ఆగలేకపోయాడా?" "ఇంత స్వార్థం పనికిరాదు." ఆ మాటలు పడే చోట నేను చాలాసార్లు ఉన్నాను. హైదరాబాదులో ఒక ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేరి, హెడ్ నర్సుగా పదవీ విరమణ చేశాను. ఎక్కువ కాలం పనిచేసింది క్యాజువాలిటీలోనే. బతికి బయటపడినవాళ్ల మంచం పక్కనా, పోయినవాళ్ల ఇంటివారి పక్కనా నిలబడ్డాను. ఆ తరువాత మా సొంత ఇంట్లోనే ఈ కష్టం వచ్చింది. పరామర్శకు వెళ్లేవాళ్లు ఏం చేయాలో, ఏం చేయకూడదో ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

ఇది చదువుతున్న మీకే చనిపోవాలన్న ఆలోచన వస్తూ ఉంటే, మిగతాది తరువాత చదువుకోవచ్చు. ముందు 14416కు ఫోను చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్ అనే మానసిక సహాయ ఫోను సేవ. పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కరలేదు.

బయలుదేరే ముందు మీలో మీరు తేల్చుకోవలసింది

పోయినవాడు స్వార్థపరుడా కాదా అన్న సంగతి మీ ఇంట్లోనే తేల్చుకుని బయలుదేరండి. తేల్చుకోకుండా వెళితే మీరు నోరు మెదపకపోయినా ముఖం చెప్పేస్తుంది.

ఎదుటివాళ్లు నష్టపోతారని తెలిసీ తన లాభం చూసుకునేవాణ్ణి స్వార్థపరుడంటాం. మరి క్యాజువాలిటీలో నేను విన్నదేమిటి? ప్రాణం నిలబడిన రెండు మూడు రోజులకు వాళ్లు మాట్లాడడం మొదలుపెడతారు. పోలీసులు వాంగ్మూలం రాసుకుని వెళ్లాక, బంధువులు టీ తాగడానికి కిందికి దిగాక, సెలైన్ సీసా మార్చడానికి వెళ్లిన నర్సుతో మెల్లగా చెబుతారు. "నేను లేకపోతే వాళ్లకు పీడ విరగడవుతుందనుకున్నాను సిస్టర్." అప్పుల్లో కూరుకుపోయిన ఆటో డ్రైవరు అదే అన్నాడు. కాన్పయి నెల తిరగని తల్లి అదే అంది. కొడుకు సంపాదన తన మందులకే సరిపోతోందని కుమిలిపోయిన ముసలాయన కూడా అదే అన్నాడు. పిల్లల ముఖం చూసి ఆగలేదా అని మనం అడుగుతాం. చూశారు. తాను లేకపోతేనే ఆ పిల్లలు బాగుంటారని గట్టిగా నమ్మారు. ఆ నమ్మకం అబద్ధం, కానీ ఆ రాత్రి వాళ్లకు అది అబద్ధంగా కనిపించలేదు. పొగ కమ్మిన గదిలో చిక్కుకున్నవాడికి తలుపు ఎంత దగ్గరగా ఉన్నా కనిపించదు.

అమెరికా మనస్తత్వవేత్త థామస్ జాయినర్ తన సిద్ధాంతంలో సరిగ్గా దీన్నే ముఖ్యంగా పట్టుకున్నాడు. నేను అందరికీ భారమన్న నమ్మకం, నాకెవరూ లేరన్న ఒంటరితనం, ఈ రెండూ కలిసినప్పుడు చావు మీద కోరిక పుడుతుందంటాడు. నేను భారమని నమ్మి తప్పుకోవాలనుకున్న మనిషిలో లాభం చూసుకునే లెక్క ఎక్కడుంది?

ఆ ఘడియ దాటిపోయేదన్న సంగతి కూడా గుర్తుంచుకోండి. శాన్ ఫ్రాన్సిస్కోలో చివరి నిమిషంలో ఆపగలిగిన 515 మంది ఆ తరువాత ఏమయ్యారో రిచర్డ్ సీడెన్ అనే పరిశోధకుడు ఆరా తీసి 1978లో ప్రకటించాడు. వాళ్లలో 90 శాతానికి పైగా మళ్లీ ఆ దారి పట్టలేదు. బతికే ఉన్నారు, లేదా అందరిలాగే సహజంగా పోయారు. అది వాళ్లు స్థిమితంగా ఆలోచించి తీసుకున్న నిర్ణయమే అయితే, ఒకసారి ఆపినంత మాత్రాన ఆగేవారా?

మన చట్టం కూడా ఈ దారికే వచ్చింది. ఒకప్పుడు భారత శిక్షాస్మృతిలోని 309వ సెక్షను కింద, బతికి బయటపడినవాళ్ల మీద కేసు పెట్టేవారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షను, ఆ మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలనీ శిక్షించకూడదనీ చెప్పింది. సంరక్షణ, చికిత్స అందించవలసిన బాధ్యతను ప్రభుత్వం మీద పెట్టింది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309 లేదు. ప్రభుత్వోద్యోగిని లొంగదీయడానికి చేసే ఆత్మహత్యా ప్రయత్నం మాత్రమే నేరంగా మిగిలింది. కోర్టు బోనులో నిలబెట్టనివాణ్ణి మనం చావు ఇంట్లో చాప మీద కూర్చుని నిలబెట్టడం నాకు న్యాయంగా తోచదు.

అయితే వాళ్లు చేసినదాంట్లో తప్పే లేదంటారా అని నన్ను చాలామంది అడిగారు. నేను ఆ మాట అనను. ఒకరు అలా పోతే వెనక ఉన్నవాళ్ల మీద పడే దెబ్బ చాలా పెద్దది. ఆ ఇంట్లో ఏళ్ల తరబడి నిద్ర ఉండదు. స్కాట్లండు తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ రాసిన వ్యాసం ఒకటి ఆయన పోయాక, 1777లో వచ్చింది. జీవితం నుంచి తప్పుకున్నవాడు సమాజానికి కీడు చేయడు, మేలు చేయడం మానేస్తాడంతే అని అందులో వాదించాడు. ఆయన పట్ల గౌరవం ఉంది గాని, ఆ మాట ఒప్పుకోలేను. మార్చురీ ముందు మెట్ల మీద కూర్చున్న తల్లిని చూసినవాళ్లెవరూ ఒప్పుకోరు. దెబ్బ తగిలింది, అది నిజం. దెబ్బ కొట్టాలని కొట్టాడన్నది మాత్రం చాలాసార్లు నిజం కాదు. ఈ రెండూ విడివిడిగా మనసులో పెట్టుకుంటే చాలు, ఆ ఇంట్లో మీ నోట తప్పు మాట రాదు.

"చచ్చి సాధిస్తాను" అని బెదిరించి పోయినవాళ్ల సంగతేమిటంటారా? కోపంలో పోయినవాళ్లూ ఉన్నారు. అక్కడ కూడా ఆ కోపం వెనక ఎన్నాళ్లుగా ఏం మండుతోందో బయటివాళ్లకు తెలియదు. తెలియనప్పుడు ఊరుకోవడం మర్యాద.

తీర్పులు చెప్పడంలో మనం నిలకడగా కూడా లేము. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడు మార్కుల గందరగోళం జరిగి, 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ పిల్లలను స్వార్థపరులని ఎవరైనా అన్నారా? పెద్దవాళ్లం మనమేం చేశామని అందరం అడిగాం. అది సరైన ప్రశ్న. నలభై ఏళ్ల మనిషి పోయినప్పుడు కూడా అదే ప్రశ్న అడగాలి. ఇక రెండో కొస చూడండి. తెలంగాణ ఉద్యమంలో ప్రాణాలు తీసుకున్న యువకులను అమరులన్నాం. హుస్సేన్ సాగర్ ఒడ్డున దీపం ఆకారంలో స్మారకం ఉంది. వాళ్ల కన్నవాళ్ల దుఃఖానికి చేతులెత్తి నమస్కరిస్తాను. కానీ ఆ వయసు పిల్లవాడి చావును త్యాగమని పొగడడం కూడా నాకు భయమే. బతికి ఉన్న మరో పిల్లవాడు ఆ పొగడ్త వింటాడు. స్వార్థమన్నా త్యాగమన్నా పోయినవాడి నొప్పి మనకు అర్థం కాలేదనే లెక్క.

మొదటి రాత్రి

మీరు దగ్గరివాళ్లయితే, ఇంటికంటే ముందు అవసరం మార్చురీ దగ్గర ఉంటుంది. ఇలాంటి మరణాలకు పోలీసు పంచనామా, పోస్టుమార్టం తప్పవు. సూర్యాస్తమయం తరువాత కూడా పోస్టుమార్టం చేయవచ్చని కేంద్రం 2021 నవంబరులో అనుమతించింది గాని, హత్య, ఆత్మహత్య వంటి కేసులను అందులోంచి మినహాయించింది. శాంతిభద్రతల సమస్య ఉంటే తప్ప ఇవి మరునాడు ఉదయమే. అంటే సాయంత్రం పోయిన మనిషి కోసం ఆ కుటుంబం రాత్రంతా ఆసుపత్రి ఆవరణలోనే ఉంటుంది. నీళ్ల సీసాలు, ఫోను చార్జరు, దుప్పటి, బిస్కట్లు పట్టుకెళ్లండి. పోయినవారి ఆధార్ జిరాక్సులు రెండు మూడు తీయించండి. పోలీసులతో మాట్లాడడానికి ఒకే మనిషిని కుదర్చండి. లేకపోతే వచ్చిన ప్రతి కానిస్టేబులుకూ తల్లే మొదటి నుంచి చెప్పుకోవలసి వస్తుంది. పెళ్లయి ఏడేళ్లలోపు ఆడపిల్ల అయితే పంచనామాకు తహసీల్దారు రావాలి, ఆలస్యమవుతుంది. ఆ సంగతి కన్నవాళ్లకు ముందే చెప్పి ఉంచండి. వాంగ్మూలంలో ఏం చెప్పాలో మీరు నూరిపోయకండి, ఎవరి పేరూ ఎక్కించకండి, ఎవరి పేరూ తీయించకండి. జరిగింది జరిగినట్టు వాళ్లే చెప్పనివ్వండి. ప్రభుత్వాసుపత్రి నుంచి ఇంటికి తీసుకెళ్లడానికి పరమపద వాహనం ఉచితం. ప్రైవేటు అంబులెన్సువాళ్లతో బేరం పెట్టుకునే ముందు దాని సంగతి కనుక్కోండి.

తీర్పులు చాలావరకు ఆ రాత్రే మొదలవుతాయి. నిద్ర లేదు, చేయడానికి పని లేదు, నలుగురూ చేరతారు. ఎలా జరిగింది, ఉత్తరం రాశాడా, ఎవరితోనైనా గొడవా. ఈ మూడు ప్రశ్నలూ మీ నోట రానివ్వకండి. ఇంటివాళ్లే చెబితే వినండి. విన్నది మరొకరికి చెప్పకండి. ఎలా జరిగిందన్న వివరం, ఉత్తరం ఫొటో వాట్సాప్‌లో పంపడం మరీ ఘోరం. అలాంటి ఆలోచనతోనే సతమతమవుతున్నవాడి ఫోనుకు అది చేరితే ఏమవుతుందో ఊహించండి.

ఇంట్లో

పొడవైన ఓదార్పు మాటలు అక్కరలేదు. "ఏమనాలో తెలియడం లేదు, నీ దగ్గర కూర్చుందామని వచ్చాను" అంటే సరిపోతుంది. పోయినవారి పేరు పలకండి. చాలామంది ఆ పేరు తీయడానికే జంకుతారు, ఆ ఇంటివాళ్లకేమో ఆ పేరు వినాలని ఉంటుంది. ఆ మనిషి బతికిన రోజుల్లోంచి ఒక మంచి జ్ఞాపకం చెప్పండి. పోయిన తీరు ఒక్కటే చర్చకు వస్తుంటే, ముప్ఫై నలభై ఏళ్ల బతుకంతా దాని వెనక పడిపోతుంది.

భార్యో తల్లో "నన్ను నట్టేట ముంచి తన దారి తాను చూసుకున్నాడు" అని ఏడిస్తే మీరు సరిదిద్దబోకండి. ఆమె కోపానికి హక్కుంది. ప్రేమ ఉన్నచోటే ఆ కోపం వస్తుంది, రేపు అది మారవచ్చు, మారకపోవచ్చు. చేయి పట్టుకుని ఊరుకోండి. "అవునమ్మా, ఎంత స్వార్థం చూడు" అని అందుకోవద్దు. ఆమె నోట అది శోకం. అదే మాట మీ నోట వస్తే నింద అవుతుంది. పదేళ్ల తరువాత కూడా ఆమెకు మీ మాట గుర్తుంటుంది.

మా చెల్లెలి కొడుకు పోయినప్పుడు రామంతాపూర్‌లో వాళ్లింట్లో జరిగింది చెబుతాను. మాకు బాబాయి వరసయ్యే పెద్దాయన హాల్లో కూర్చుని, "తన సుఖం తాను చూసుకున్నాడు, అమ్మానాన్నల గతి ఏమిటని ఆలోచించాడా?" అన్నారు. చెల్లెలు వింటూ ఉంది. వంటింటి గడపలో మా చెల్లెలి కూతురు టీ గ్లాసుల పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది, ఇంటర్ రెండో సంవత్సరం పిల్ల. గ్లాసులు ఒకదానికొకటి తగిలి చప్పుడవుతుంటే అటు చూశాను. పళ్లెం అక్కడే గట్టు మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

నలుగురిలో పెద్దాయనను ఏమీ అనలేదు. బాల్కనీలోకి పిలిచాను. "బాబాయ్, వాడిని ఎత్తుకుని తిప్పారు మీరు. మీ కోపం నాకు తెలుసు. ఆ మాట చెల్లెలి ముందూ ఆ పిల్ల ముందూ వద్దు. నాతో ఎంతసేపైనా అనండి, వింటాను" అన్నాను. ఆయన కండువాతో ముఖం కప్పుకుని చాలాసేపు ఏడ్చారు. మళ్లీ ఆ మాట అనలేదు. మీ బంధువుల్లోనూ ఇలాంటి పెద్దవాళ్లు ఉంటారు. అందరి ముందూ వాదనకు దిగితే మాట పెరుగుతుంది, ఆ ఇంటివాళ్లు రెండు వర్గాల మధ్య నలిగిపోతారు. పక్కకు పిలిచి, వాళ్ల కోపానికి చోటిచ్చి చెబితే చాలామంది వింటారు.

ఆ సాయంత్రం గ్లాసులు కడుగుతూ ఆ పిల్ల అడిగింది, "పెద్దమ్మా, అన్నయ్యకు మేమంటే ఇష్టం లేదా?" స్వార్థం అన్న మాట పిల్లల చెవికి ఇలా చేరుతుంది. "ఇష్టం ఉంది. నీ కోచింగ్ ఫీజు తానే కడతానని పట్టుబట్టింది ఎవరు? వాడి మనసుకు పెద్ద జబ్బు చేసింది. ఆ బాధలో మన ఇష్టం కూడా వాడికి అందలేదు. అందులో నీ తప్పు లేదు" అన్నాను. ఇంకా చిన్నపిల్లలకైతే ఇంకా తక్కువ మాటల్లో చెప్పండి. నాన్న ఊరెళ్లాడని మాత్రం చెప్పవద్దు. బడిలో ఎవడో ఒకడు అసలు సంగతి చెబుతాడు, అప్పుడు నాన్నతో పాటు మీ మీద నమ్మకం కూడా పోతుంది. నాన్న మనసుకు బాగా జబ్బు చేసింది, ఆ జబ్బులో తన ప్రాణం తానే తీసుకున్నాడు, నువ్వు అల్లరి చేసినందుకు కాదు, నీకు మేమున్నాం. ఇంత చాలు. ఎలా అని అడిగితే వివరాలు వద్దు. మళ్లీ మళ్లీ అడుగుతారు, ప్రతిసారీ అదే చెప్పండి.

కర్మకాండ దగ్గర ఇంకో గొడవ వస్తుంది. ఇలాంటి మరణానికి శ్రాద్ధం లేదని ఒకరంటారు, మహాపాపమని ఇంకొకరు శ్లోకం చదువుతారు. దుర్మరణాలకు నారాయణ బలి చేయించే ఆచారం మనకు ఉంది. అది చేయించాలా, మామూలుగా జరపాలా అన్నది ఇంటివాళ్ల ఇష్టం. వాళ్లను బాధపెట్టని పురోహితుడిని వెతికి పెట్టండి, అంతకు మించి మీ జోక్యం వద్దు. మన నగరంలో అన్ని మతాల ఇళ్లకూ వెళతాం కదా, అక్కడ కూడా ఇంతే. కాథలిక్ చర్చి తన బోధనలోనే, తీవ్రమైన మానసిక వ్యథ ఆ మనిషి బాధ్యతను తగ్గించవచ్చని రాసుకుంది. అన్ని మతాల్లోనూ ఇలా మెత్తగా మాట్లాడే పెద్దలు దొరుకుతారు. వాళ్లను ఆ ఇంటికి తీసుకెళ్లండి.

పెద్దకర్మ అయిపోయాక

పదకొండో రోజు దాటాక చాపలు ఎత్తేస్తారు, ఫోన్లు ఆగిపోతాయి. ఇంటివాళ్లకు అసలు కష్టం అప్పుడు మొదలవుతుంది. మిగతా చావులకు నలుగురితో చెప్పుకుని ఏడవవచ్చు. ఈ చావుకు వాళ్లు ఎవరితోనూ నోరు విప్పలేరు, నలుగురూ ఏమంటారో ముందే విని ఉన్నారు కాబట్టి. మీరు వెళ్లండి. బ్యాంకు కాగితాలకు తోడు వెళ్లండి, పిల్లల ఫీజు గడువు ఎప్పుడో కనుక్కోండి. మొదటి పండుగకూ, పోయినవారి పుట్టినరోజుకూ, సంవత్సరీకానికీ ఆ ఇంట్లో ఎవరో ఒకరు ఉండేలా చూడండి. మా చెల్లెలికి సంక్రాంతి నాడు ఎవరూ ఫోను చేయలేదు, బాధపెడతామేమోనని. తనేమో పొద్దుటి నుంచీ ఫోను పక్కనే పెట్టుకుని కూర్చుంది.

వాళ్ల నోట "నేనూ పోతే బాగుండు" అన్న మాట వస్తే దాటేయకండి. ఛ, అలా అనకూడదు, పిల్లల గతేమిటి, నువ్వు కూడా స్వార్థం చూసుకుంటావా అంటే ఆ మాట లోపలికి పోతుంది, ఆలోచన మాత్రం పోదు. "చనిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు. అలా జరగదు. క్యాజువాలిటీలో నేను ఎందరినో అడిగాను, ఎవరూ కోప్పడలేదు, చాలామంది ఊపిరి పీల్చుకున్నారు. అవునంటే ఒంటరిగా వదలకండి. ఇంట్లో ప్రమాదకరమైనవి ఏమున్నా అందకుండా తీసేయండి, మందులు మీ దగ్గరో పక్కింటివాళ్ల దగ్గరో ఉంచండి. వాళ్ల పక్కనే కూర్చుని 14416కు మీరే కలిపి ఫోను వాళ్లకు ఇవ్వండి. ఆ క్షణానే ప్రమాదముందనిపిస్తే 108కి చేయండి. ఉదయం ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ ఓపీకి గాని, దగ్గరలోని పెద్దాసుపత్రి మానసిక వైద్య విభాగానికి గాని వెంటబెట్టుకుని వెళ్లండి. ఇప్పటికే వాడుతున్న మందుల చీటీలు, ఆధార్ కార్డు తీసుకెళ్లండి. మళ్లీ ఎప్పుడు రావాలో డాక్టరు చెప్పిన తేదీని వాళ్ల ఫోనులోనూ మీ ఫోనులోనూ రాసి పెట్టండి, ఆ రోజుకు కూడా మీరే వెంట వెళ్లండి.